నలభయ్యో నమూనా

ఆసుపత్రి ల్యాబ్, రెండో అంతస్తు
సోమవారం

తూనీగకి,

ముందుగా క్షేమ సమాచారాలు. మీ అన్న క్షేమం. పిల్లలిద్దరూ అవసరానికి మించి క్షేమం. అత్తయ్య గారి గొంతు ఎప్పటికంటే క్షేమం.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాసిందా అని కళ్ళు చిట్లిస్తున్నావు కదూ? ఇంట్లో ఫోన్ మోగితే ముందు మీ అమ్మగారే ఎత్తుతారు. సరిగా వినపడదని స్పీకర్ పెడతారు. పక్కింటివాళ్ళతో సహా అందరం వింటాం. నేనిప్పుడు అడగబోయేది పక్కింటివాళ్ళు వినదగ్గది కాదు. పైగా నీ సర్వే క్యాంపులో సిగ్నల్ కావాలంటే మట్టిదిబ్బ ఎక్కాలంటావు. దిబ్బ ఎక్కి నువ్వు ఈ మాటకి జవాబు అరిస్తే రోడ్డు పని ఆగిపోతుంది.

సూటిగా అడిగేస్తున్నాను. నీ గర్భసంచిలోంచి చిన్న నమూనా ఇస్తావా?

కుర్చీలోంచి పడ్డావా? లేచి కూర్చో, చెబుతాను.

నేను చదువుకునే రోజుల్లో గర్భసంచి అంటే ఒక్క క్రిమి కూడా లేని శుభ్రమైన గది అని చెప్పేవారు. పరీక్షలో అలాగే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడేమో అక్కడ కూడా కాపురాలున్నాయంటున్నారు. కొద్ది మందే, చడీచప్పుడు లేకుండా ఉంటారట. చాలామందిలో పాలు తోడుకునేలా చేసే బ్యాక్టీరియా ఉందే, దాని చుట్టాలే ఎక్కువ. వాళ్ళని మేం పెద్దమనుషులంటాం. కొందరిలో మాత్రం పెద్దమనుషులు తగ్గి అల్లరి మూక పెరుగుతుంది. అప్పుడు లోపల వాపు రావచ్చు. అండాశయం నుంచి గర్భసంచికి దారిచ్చే ట్యూబుల్లో అండాన్ని మెల్లగా ముందుకు తోసే సన్నటి నూగు ఒకటుంటుంది. అది బద్ధకిస్తే, గర్భసంచి దాకా రావలసిన పిండం దారిలోనే, ట్యూబులోనే మకాం పెట్టెయ్యవచ్చు. అక్కడ పెరిగితే ట్యూబు పగిలి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెంటికీ సంబంధం ఉందా లేదా అన్నదే మా పరిశోధన.

ఉందని నేననడం లేదు. అంటే మా ల్యాబ్ పెద్దాయన ఊరుకోడు. ఆయన ప్రతి వాక్యంలోనూ 'బహుశా' ఉండాలంటాడు. టీ చల్లారిందా అని అడిగినా 'బహుశా' అంటాడు. అందుకే ల్యాబ్‌లో ఆయన పేరు బహుశా గారు. ఆయన జాగ్రత్తకి కారణం ఉందిలే. మొదటి నెలలో ఎవరూ ఎరగని క్రిమిని కనిపెట్టామని అందరికీ మిఠాయి పంచాం. తీరా చూస్తే అది మా నీళ్ళ సీసాలోంచి వచ్చింది.

ట్యూబులో గర్భం వచ్చినవాళ్ళు నలభై మంది దొరికారు. వాళ్ళతో పోల్చడానికి ఏ గొడవా లేని ఆడవాళ్ళు నలభై మంది కావాలి. ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగిపోయాం. నలభై దాటని వయసు, గట్టి ఒళ్ళు, మొండి ధైర్యం. నువ్వు కాక ఇంకెవరు?

నీ వదిన


రోడ్డు సర్వే క్యాంపు, రేకుల గది
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం భోజనాల బల్ల మీద విప్పాను. రెండో పేరాకి పళ్ళెం పక్కకి తోశాను, మూడో పేరాకి ఉత్తరాన్ని చొక్కాలో దాచుకున్నాను. మా ఇంజనీరు 'ఇంటి దగ్గర అంతా బాగేనా?' అని అడిగాడు. 'మా వదినకి నా మీద ప్రేమ ఎక్కువైంది' అన్నాను.

మనుషులు చీర అడుగుతారు, గొలుసు అడుగుతారు. నువ్వేమిటమ్మా ఇలా!

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ చూడు, మొన్న జలుబు చేసింది, మందులు వాడాను. కాలికి జలగ పట్టింది, రక్తం తగ్గి ఉంటుంది. పైగా సెలవు దొరకదు. ఇంకా చెప్పాలంటే, నమూనా తియ్యడానికి లోపలికి పంపే సన్నటి గొట్టాన్ని తలుచుకుంటేనే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఏ కారణం నచ్చితే అది తీసుకో, నాలుగూ నీకే.

ఇక్కడ నా పని చెబుతాను విను. రోడ్డుకి పోయే స్థలానికి సరిహద్దు రాళ్ళు పాతుతున్నాను. ఒకచోట ఇద్దరు తోడికోడళ్ళ పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. పొద్దున కొలిచి రాయి పాతాను. భోజనం చేసి వచ్చేసరికి రాయి మూడడుగులు తూర్పుకి నడిచింది. మళ్ళీ పాతాను. టీ తాగి వచ్చేసరికి నాలుగడుగులు పడమరకి. ఇద్దరినీ పిలిచి అడిగితే, 'రాయి కదా, కదులుతుంది' అన్నారు ఒకే గొంతుతో. వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్న మాట అదొక్కటేనట.

మా ఆయన కులాసా. ఆయన చేసే కట్టుడు పళ్ళ సెట్లకి గిరాకీ పెరిగింది. శనాదివారాలు ఇంటికి వెళ్తే కిటికీలో వరసగా ఆరబెట్టిన పళ్ళన్నీ నన్ను చూసి నవ్వుతాయి. ఇంట్లో మనిషి కంటే అవే ముందు పలకరిస్తాయి.

వేరే ఎవరినైనా చూసుకో వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

తూనీగ


ల్యాబ్
బుధవారం

దొంగ తూనీగా,

జలుబు మందులు అడ్డురావు. జలగ అంతకంటే రాదు. సెలవు పెట్టకుండానే శనివారం వచ్చిపోవచ్చు. గొట్టం మీ ఆయన కట్టుడు పళ్ళకి వాడే తీగ కంటే కొంచెమే లావు. నాలుగు కారణాలూ తిప్పి పంపుతున్నాను, అందినట్టు రాయి.

నీ మూలాన ఇంట్లో ఏం జరిగిందో తెలుసా? నేను మీ అన్నతో, 'ఒక్క మనిషి దొరికితే చాలు, ఇంక ఈ పని పూర్తయిపోతుంది' అని గుసగుసలాడుతున్నాను. మనం గొంతు చించుకున్నా వినపడని అత్తయ్య గారికి గుసగుస మాత్రం వినపడింది. వంటింట్లోంచి వచ్చి, 'మనిషి కావాలా? నేనున్నాను కదా' అన్నారు. వయసు నలభై దాటకూడదండీ అని నసిగాను. 'వయసుదేముంది, లోపల ఇద్దర్ని మోసిన గట్టి సరుకు. ఈ కాలం వాళ్ళవి దేనికి పనికొస్తాయి?' అన్నారు. మీ అన్న న్యూస్‌పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుని, పేపర్ తలకిందులుగా ఉందన్న సంగతి కూడా చూసుకోలేదు. మర్నాడు పొద్దున్నే అత్తయ్య గారు తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని నాతో బయల్దేరబోయారు. ఆపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

కాబట్టి నువ్వు ఒప్పుకోకపోతే మీ అమ్మగారే ఖాయం.

ఫారం జతచేస్తున్నాను. నిజాయితీగా నింపు. ఏడో ప్రశ్నలో ఇదివరకటి ఆపరేషన్లు అడుగుతారు. నీ సుప్రసిద్ధ అపెండిక్స్ గురించి రాసెయ్, దానితో ఇబ్బంది లేదు. అవునూ, దాన్ని సీసాలో పెట్టించి మా చిన్నాడి పుట్టినరోజుకి బహుమతిగా తెస్తావనుకున్నానే, ఇంకా తేలేదేం?

వదిన


క్యాంపు, రేకుల గది
ఆదివారం (ఈ వారం ఇంటికి వెళ్ళలేదు)

వదినా,

ఫారం నింపాను. ఇదిగో.

వృత్తి: ఇతరుల స్థలం కొలవడం. ఎత్తు: ట్రైపాడ్ కంటే జానెడు ఎక్కువ. పొగ తాగుతారా: జనరేటర్ తాగిస్తుంది. నిద్ర: ఇంజనీరు మాట్లాడుతున్నప్పుడు బాగా పడుతుంది. పిల్లలు: లేరు. ఇదివరకు గర్భం వచ్చిందా: కింద చూడండి. ఇదివరకటి ఆపరేషన్లు: నా అపెండిక్స్ నా దగ్గరే ఉంది.

నవ్వకు. లేదా నవ్వు, ఇంకెలా చెప్పాలో నాకూ తెలియడం లేదు.

మూడేళ్ళ కిందట, వంతెన సర్వే జరుగుతున్నప్పుడు. ట్రైపాడ్ మీద యంత్రం బిగిస్తుంటే భుజం నొప్పి మొదలైంది. కడుపు కాదు వదినా, భుజం. బరువులు మోశాను కదా, పట్టేసిందనుకున్నాను. కాసేపటికి కళ్ళు తిరిగాయి. యంత్రాన్ని కౌగిలించుకుని పడిపోయానట. కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్ పరుగెత్తుకొచ్చి, ముందు యంత్రం పగిలిందేమో చూసి, పగల్లేదని దణ్ణం పెట్టుకుని, తరవాత నన్ను లేపాడు. జీపులో ఆసుపత్రికి చేర్చారు. భుజం నొప్పి అనగానే డాక్టరమ్మ చేతిలో పని వదిలేసింది. 'నెల తప్పి ఎన్నాళ్ళయింది?' అంది. తప్పిందన్న సంగతే నేను గమనించలేదు. క్యాంపులో వారాలెవరు లెక్కపెడతారు?

ఎడమవైపు ట్యూబు పగిలింది, తీసేశారు. లోపల కారిన రక్తమే భుజం నొప్పిగా తెలిసిందట. నాకు కడుపొచ్చిందని తెలిసిందీ, పోయిందని తెలిసిందీ ఒకే గంటలో.

సాయంత్రం మా ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మ ఎత్తింది. స్పీకర్ పెట్టింది. అప్పటికి నీకు చిన్నాడు పుట్టి తొమ్మిది రోజులు. వెనక అందరి నవ్వులు, వాడి ఏడుపు, ఎవరో గిన్నె పడేసిన చప్పుడు. అమ్మ, 'మేనత్త ఎప్పుడొస్తుంది? పిల్లాడు అడుగుతున్నాడు!' అంది. ఆ ఇంట్లోకి ఈ మాట ఎలా పంపుతాడు చెప్పు? నోట్లో మాట నమిలి నమిలి 'అపెండిక్స్' అన్నాడు. పళ్ళు తప్ప మనిషి లోపల ఇంకేముంటాయో ఆయనకి పెద్దగా తెలీదు. ఆ ఒక్క పేరు తట్టింది, పాపం.

తరవాత చెబుదాం అనుకున్నాం. అపెండిక్స్ బాగా స్థిరపడిపోయింది. మా అమ్మ ఊరందరికీ చెప్పేసింది. నువ్వు జోకులు మొదలుపెట్టావు. అవి బాగుండేవి కూడా. ఒక్కోసారి నిజంగానే నాకు తీసింది అపెండిక్సే అనిపించేది.

కాబట్టి నేను నీ రెండో నలభైలో పనికిరాను. మొదటి నలభైలో మనిషిని.

ఒక్కటి అడుగుతాను, బహుశా లేకుండా చెప్పు. క్యాంపుల్లో చెరువు నీళ్ళతో స్నానాలు. తలుపు సరిగా పడని మరుగుదొడ్లు. మగవాళ్ళ మధ్య పని, రోజంతా నీళ్ళు తాగకుండా ఓర్చుకోవడం. నీ ఉత్తరంలో అల్లరి మూక అని చదివినప్పటినుంచీ అదే ఆలోచన. ఆ మూకని పిలిచి కూర్చోబెట్టింది నేనేనా?

తూనీగ


ల్యాబ్, కిటికీ పక్క బల్ల
గురువారం

నా తల్లీ,

నీ ఉత్తరం ఇక్కడే చదివాను. గ్లవ్స్‌తోనే కళ్ళు తుడుచుకున్నాను. మా దగ్గర అది పెద్ద నేరం. బహుశా గారు చూసి కూడా ఏమీ అనలేదు. కొత్త జత తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ముందు తిట్లు. మూడేళ్ళు! మూడేళ్ళుగా నా చేత అపెండిక్స్ జోకులు వేయించావు. నిన్న కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు. మీ పెళ్ళిరోజున అందరి ముందూ వేసినది కూడా కలిపి. నువ్వు అందరికంటే గట్టిగా నవ్వావు. నాకు నా మీదే కోపంగా ఉంది. నీ మీద కూడా ఉంది, కానీ ఈ ఉత్తరం అయ్యేసరికి అయిపోతుందిలే.

ఇప్పుడు జవాబు. లేదు. నువ్వు కాదు. ఈ వాక్యంలో బహుశా లేదు, కావాలంటే మళ్ళీ చదువుకో.

చెరువు నీళ్ళకీ దీనికీ సంబంధం ఉందని రుజువు చేసినవాళ్ళెవరూ లేరు. అసలు మేం వెతికే సంబంధమే ఇంకా అనుమానం. ఇదివరకు ట్యూబులకి జబ్బు చేసినవాళ్ళలో, పొగ తాగేవాళ్ళలో ఇది ఎక్కువని తెలుసు. దాదాపు సగం మందిలో ఏ కారణమూ దొరకదు. కారణం దొరకనిచోట ఆడవాళ్ళు తమనే తీసుకెళ్ళి నిలబెట్టేస్తారు. మా మొదటి నలభై మందిలో ప్రతి ఒక్కరూ ఇదే అడిగారు. ఒకామె సైకిల్ తొక్కానండీ అంది. ఒకామె అత్తగారికి ఎదురు చెప్పానండీ అంది. అలా అయితే మన వీధిలో ఒక్క ట్యూబు మిగలకూడదు.

నీకో రహస్యం చెబుతాను. మీ అన్నకి కూడా తెలీదు. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి అన్నిటికంటే ముందు నా నమూనానే ఇచ్చాను. పేరు ఉండదు, అంకె మాత్రమే. ఫలితం తెర మీదికి వచ్చింది. పెద్దమనుషులు నూటికి తొమ్మిది. మిగతాదంతా మూకే, తిరునాళ్ళలా ఉంది. బహుశా గారు కళ్ళజోడు సవరించుకుని, 'ఈ మనిషికి గర్భం నిలవడం బహుశా కష్టం' అన్నాడు. ఆ మనిషి ఆయన పక్కనే, ఇద్దరు పిల్లల కోసం కొన్న రెండు బిస్కెట్ పొట్లాలు పట్టుకుని నిలబడి ఉంది.

అటువైపు, ట్యూబు పోగొట్టుకున్నవాళ్ళలో పదమూడు మందికి లోపల అందరూ పెద్దమనుషులే. ఒక్క అల్లరివాడు లేడు. అంకెలన్నీ కూడితే రెండు గుంపులకీ మధ్య కొద్దిగా తేడా కనిపిస్తున్నట్టే ఉంది. అది గుంపు సంగతి. ఒక మనిషిని నిలబెట్టి, నీకు ఇందుకే ఇలా అయిందని చెప్పగల తేడా కాదు. రేపు ఎవరైనా పెద్ద పరిశోధనతో గట్టిగా తేల్చినా అది మందుకి పనికిరావాలి గానీ నింద వెయ్యడానికి కాదు.

అత్తయ్య గారికి నేను చెప్పను. అది నీ నోటితో రావలసిన మాట. కానీ తొందరగా చెప్పు. మొన్న పక్కింటావిడకి అపెండిక్స్ నొప్పి వస్తే, నీ అనుభవం చెప్పించడానికి నిన్ను పిలిపిస్తానంటున్నారు.

వదిన


ఇల్లు (పళ్ళు నవ్వుతున్న కిటికీ పక్కన)
రెండు నెలల తరవాత, సోమవారం

వదినా,

ఈసారి వారాలు లెక్కపెట్టాను. నెల తప్పి ఎనిమిది రోజులు దాటింది. పొద్దున పరీక్ష చేశాను. రెండు గీతలు.

మా ఆయన ఆ పుల్లని భూతద్దం కింద పెట్టి చూశాడు, పళ్ళకి వాడేది. రెండో గీత నిజంగా ఉందని మూడుసార్లు ధృవీకరించాడు. తరవాత పనిలో కూర్చుని ఎవరికో పై పళ్ళ వరసకి బదులు రెండు కింది వరసలు చేశాడు.

నాకు సంతోషంగా లేదు. లేదని కాదు, దాన్ని ఇంకా ఇంట్లోకి రానివ్వలేదు, గుమ్మంలోనే నిలబెట్టాను. ఈసారి ఎక్కడ కూర్చుందో! మిగిలింది ఒక్క ట్యూబు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడుతున్నాను. పొద్దున్నుంచి నా భుజాన్ని నేనే నొక్కి నొక్కి చూసుకుంటున్నాను, ఇప్పుడు నిజంగానే నొప్పెడుతోంది.

ఎవరికీ చెప్పకు. అన్నయ్యకి కూడా.

తూనీగ


ల్యాబ్
గురువారం

తూనీగా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మీ ఆయన దుకాణానికి నేను చేసిన ఫోన్ చేరిపోయి ఉంటుంది. అయినా ఆయన సగం విని సగం కంగారుపడే రకం కాబట్టి మళ్ళీ రాస్తున్నాను.

భుజాన్ని వదిలెయ్. ఊరికే నొక్కితే ఏనుగు భుజమైనా నొప్పెడుతుంది. రక్తపరీక్ష చేయించు. రెండు రోజులాగి మళ్ళీ చేయించు. గర్భం హార్మోన్ ఎలా పెరుగుతోందో చూస్తారు. వచ్చే వారం స్కాన్. ఈలోగా కడుపులో ఒకవైపు నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, తల తిరిగినా, నువ్వు నొక్కకుండా భుజం నొప్పి వచ్చినా, ఉత్తరాలూ వద్దు, ఆలోచనలూ వద్దు, ఆ నిమిషాన ఆసుపత్రికి. క్యాంపుకి వెళ్ళకు. సెలవు దొరకదంటే మీ ఇంజనీరుతో నేను మాట్లాడతాను. మాట్లాడితే ఆయనే సెలవు పెట్టుకుంటాడు.

ఒకసారి ట్యూబులో వచ్చినవాళ్ళకి మళ్ళీ అలాగే రావడం సుమారు పదిమందిలో ఒకరికి. ఆ ఒకరిని అందరూ తలుచుకుంటారు, తొమ్మిది మందిని ఎవరూ తలుచుకోరు. నేను ఆ తొమ్మిది మందిని తలుచుకుంటున్నాను. అంటే భయం లేదని కాదు. నిన్న రెండు గొట్టాల మీద అంకెలు తారుమారు చేశాను, ఏడేళ్ళలో మొదటిసారి.

స్కాన్ రోజున నేను ల్యాబ్‌లో ఉంటాను, ఫోన్లు బయట పెట్టెయ్యాలి. ఒంటిగంటకి భోజనానికి ఇంటికి వస్తాను. అప్పుడు ఇంటికే చెయ్యి. అత్తయ్య గారు స్పీకర్ పెడతారు కాబట్టి నీ పని భాషలో చెప్పు. 'రాయి సరిహద్దు లోపలే ఉంది' అంటే సరైన చోట ఉన్నట్టు. 'రాయి పక్కకి జరిగింది' అంటే నేను అదే కాళ్ళతో బయల్దేరి వస్తాను.

పాతిన రాయి కదలకూడదని నీకు తెలిసిన దేవుళ్ళందరితోనూ మాట్లాడు. వాళ్ళలో తోడికోడళ్ళు లేకుండా చూసుకో.

వదిన


ఇల్లు, వంటింటి బల్ల
మంగళవారం, నీ ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం

ఓసి తొందరపాటు తూనీగా!

ఒంటిగంట అన్నానా లేదా? పన్నెండున్నరకే ఎందుకు చేశావు?

ఏం జరిగిందో చెబుతాను. నేను గేటు తీసేసరికి లోపల గోలగోలగా ఉంది. అత్తయ్య గారు ఫోన్ పట్టుకుని గది మధ్యలో నిలబడ్డారు. స్పీకర్‌లో మీ పెద్దమ్మ, మీ చిన్నాన్న. గుమ్మంలో పక్కింటావిడ. నన్ను చూడగానే, 'వచ్చావా! మన తూనీగకి కిడ్నీలో రాయట!' అన్నారు.

నేను అక్కడే ఆగిపోయాను. 'ఎవరు చెప్పారండీ?' అన్నాను.

'అదే ఫోన్ చేసింది. రాయి లోపలే ఉందమ్మా, వదినకి చెప్పు, లోపలే ఉంది, అని ఒకటే చెప్పడం. ఏడుస్తోంది, నవ్వుతోంది. నొప్పికి మతి చలించినట్టుంది. లోపలే ఉంటే అంత సంబరం దేనికే? బయటికి రావాలి కదా!'

తూనీగా, నేనేం చేశాననుకున్నావు? బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తయ్య గారు కంగారుపడిపోయి నా తల నిమిరి, 'రాయికే ఇంత ఏడుస్తారా? మా చెల్లెలికి మూడొచ్చాయి, మూడూ పోయాయి' అని ఓదార్చారు. అది విని నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వుతుంటే పక్కింటావిడ మెల్లగా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, ఇది కూడా రాయి లక్షణమేమో అనుకుని ఉంటుంది.

నువ్వు ఆ గుమ్మంలో నిలబెట్టినదాన్ని ఇంక లోపలికి రానివ్వు. కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి దానికి.

ఇప్పుడు అసలు వార్త. అత్తయ్య గారు గురువారం బస్సులో నీ దగ్గరికి బయల్దేరుతున్నారు. రాళ్ళు కరిగించే వైద్యాలన్నీ మీ పెద్దమ్మ చెబుతుంటే కాగితం మీద రాసుకున్నారు. రోజుకి నాలుగు చెంబుల నీళ్ళు, మెట్లు ఎక్కి దిగడం, గెంతడం. గెంతడం! అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆవిడ ఆ కాగితంలో అక్కడిదాకా రాకముందే నిజం చెప్పెయ్. ఇప్పటిది చెబితే అప్పటిది కూడా చెప్పు. నేను చెప్పలేదని మాత్రం సాక్ష్యం చెప్పాలి సుమా.

మా నలభయ్యో మనిషి దొరికింది. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ ఆవిడ. ఆరు నెలలుగా మా ప్రకటన ఆవిడ తల మీదే అతికించి ఉంది. 'ఎవరూ నన్ను అడగలేదు మరి' అంది.

వదిన


ఇల్లు
మూడు వారాల తరవాత, శనివారం

వదినా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. నీళ్ళు తాగడంతోనే సరిపోయింది.

అమ్మ దిగగానే సంచి కింద పెట్టకుండా చెంబు అందుకుంది. ఒక్కో చెంబూ దగ్గర నిలబడి తాగించింది. నేను బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడల్లా తలుపు అవతల నిలబడి, 'వచ్చిందా?' అని కేకేసేది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి వినేవారు. మా ఆయన పళ్ళ వెనక తల దాచుకుని నవ్వేవాడు. రెండు రోజులు అలా గడిపాను. నువ్వు రాసిన ఆ గెంతుల కాగితం మూడో రోజు పొద్దున బయటికి వచ్చింది. ఇక తప్పలేదు.

ముందు రాయి ఎవరో చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ తేరుకోకముందే, ఆగితే మళ్ళీ చెప్పలేనని, మూడేళ్ళ కిందటి సంగతి కూడా చెప్పేశాను. భుజం, వంతెన, ఆ గంట, ఆ ఫోన్. మా ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు, అబద్ధం ఆడింది నేనే అత్తయ్యా అని.

అమ్మ చేతిలోని గెంతుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. కేకలేస్తుందని ఎదురుచూశాను. చివరికి, 'మేనత్త ఎప్పుడొస్తుందని అడిగాను కదూ ఆ రోజు' అంది. అంతే అంది. మూడేళ్ళ కిందటి మాట, తనకి గుర్తుంది వదినా.

నా పక్కకి జరిగి కూర్చుంది. 'ఎటువైపు?' అంది. ఎడమ అన్నాను. నా చీర మీంచే అక్కడ చెయ్యి వేసి కూర్చుంది. బయట కూరగాయలావిడ పిలిచి పిలిచి వెళ్ళిపోయింది. అమ్మ లేవలేదు.

నేను ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు. అమ్మ బాధపడుతుందని భయపడ్డాను. బాధపడింది. బాధపడితే ఏమైంది? ఇద్దరం కలిసి బాధపడ్డాం, అంతకుముందు ఒక్కదాన్నే పడేదాన్ని.

కాసేపటికి ముక్కు చీదుకుని, 'అయితే ఆ అపెండిక్స్ ఇంకా లోపలే ఉందా?' అంది. ఉందన్నాను. 'అది కూడా ఒకసారి చూపించుకో' అంది. మా ఆయన ఆపుకోలేక వెనక గదిలోకి పరుగెత్తాడు.

నీ పెద్దమనుషులూ మూకా సంగతి కూడా చెప్పాను, అంకె మాత్రం చెప్పలేదు, నీ పరువు కాపాడాను. అమ్మ అంతా విని, 'దానికి తెలిసినంత చెప్పింది, తెలియంది తెలియదని చెప్పింది. డాక్టర్లకంటే నయం' అంది. మామూలుగా నిన్ను మెచ్చుకోదు కాబట్టి ఈ వాక్యాన్ని దాచుకో.

నిన్న రెండో స్కాన్. అమ్మ కూడా వస్తానంది. లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు, మా ఆయన ఏమీ అనకుండా పక్కకి తప్పుకున్నాడు. అమ్మ డాక్టరు పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది, మనకి చుట్టరికం ఉన్న ఇల్లే అన్నట్టు. డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించింది. నల్లటి గుండ్రం, దాని లోపల ద్రాక్షపండంత తెల్లటిది, అందులో ఏదో టపటపమని కొట్టుకుంటోంది.

'ఆ కదిలేదేనా?' అంది అమ్మ.

'అదే గుండె' అంది డాక్టరు.

'ఇంతదానికా ఇంత గోల చేశారు!' అంది అమ్మ.

డాక్టరు కొలతలు రాసుకుంది. నాకు కొలతలంటే నమ్మకం, నీకు తెలుసు కదా. రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. సరైన చోటే ఉంది, సరిగ్గా పెరుగుతోంది. నేను లేచి చీర సర్దుకున్నాను. అమ్మ లేవలేదు. తెరని అలాగే చూస్తోంది. నర్సు తలుపు తీసి తొంగి చూసింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

'అమ్మా, బయట ఇంకా ముగ్గురు వెయిట్ చేస్తున్నారు' అన్నాను.

'ఉండనీ' అంది అమ్మ, స్టూలు ఇంకొంచెం ముందుకు జరుపుకుంటూ.

తూనీగ